ఎవరి సొమ్ముతో ఈ సవారీ?

అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఏ ట్రావెల్ ఏజెంటు ఆఫీసుకు వెళ్లినా బ్యాంకాక్-పటాయా ప్యాకేజీ కాగితం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కోరల్ ఐలండ్, సఫారీ వరల్డ్, ఒక తోట, ఆ తోటలో ఏనుగుల ఆట, వీలుంటే పులి పక్కన కూర్చుని ఫొటో. "అన్నీ కవరైపోతాయి సార్" అంటారు. 2023 నవంబరు నుంచి మనవాళ్లకు వీసా గొడవ కూడా లేకపోవడంతో, 2024లో 20 లక్షలమందికి పైగా భారతీయులు థాయిలాండ్ చూసొచ్చారు. బాలి, వియత్నాం, శ్రీలంక, దుబాయ్‌లకు వెళ్లేవాళ్లు సరేసరి.

ఇంతమంది కదులుతున్నప్పుడు, పాశ్చాత్యులు చాలాకాలంగా వాదించుకుంటున్న ఒక ప్రశ్న మన గుమ్మంలోకీ వస్తుంది. ఏ దేశానికి వెళ్లాలో తేల్చుకునేటప్పుడు ఆ దేశం మూగజీవాల్ని ఎలా చూస్తోందన్నది లెక్కలోకి తీసుకోవాలా? తీసుకోవాలనేవాళ్లలో కొందరు వెళ్లకూడని దేశాల జాబితా రాసి పెట్టుకుంటారు. అక్కర్లేదనేవాళ్లు, ఎవరి ఆచారం వాళ్లది, సెలవులకని పోయి తీర్పులు చెప్పడమెందుకంటారు. రెండు పక్షాలకూ ఆలోచించే శ్రమ తక్కువే. ఈ విషయంలో ఉన్న సూచికల్నీ, జరిగిన బహిష్కరణల్నీ, వచ్చిన చట్టాల్నీ, వాటి ఫలితాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు పనికొచ్చే కొలత ఒక్కటే కనిపిస్తోంది. ఆ హింస ఎవరి డబ్బుతో నడుస్తోంది? పర్యాటకుడి డబ్బుతోనే నడిచేచోట అతను కాదంటే దానికి విలువుంటుంది. ఇంకెవరి డబ్బుతోనో నడిచేచోట అతను రాకపోయినా అడిగేవాడుండడు.

ముందు మార్కుల సంగతి. వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ అనే అంతర్జాతీయ సంస్థ 2014లో జంతు రక్షణ సూచిక ఒకటి మొదలుపెట్టింది. 50 దేశాల చట్టాలు చదివి 'ఏ' నుంచి 'జి' దాకా గ్రేడ్లిస్తుంది. పెంపుడు జంతువులు, బరువులు మోసేవి, ఫారాల్లో పెరిగేవి, ప్రయోగశాలల్లో ఉన్నవి, అడవిలోవి, ఇలా అన్నిటికీ కలిపి పది అంశాలు చూస్తుంది. మొదటిసారి బ్రిటన్, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, న్యూజిలాండ్‌లకు 'ఏ' వచ్చింది. 2020లో మళ్లీ లెక్క తీస్తే ఒక్క దేశానికీ 'ఏ' దక్కలేదు. బ్రిటన్, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్వీడన్, డెన్మార్క్, నెదర్లాండ్స్ 'బి' దగ్గర ఆగాయి. అమెరికాకు 'డి'. మనకు 'సి'.

అమెరికా కన్నా మనం మెరుగా అని కనుబొమలెగరేసేవాళ్లుంటారు. కాగితం మీద చూస్తే అవును. జీవుల పట్ల దయ చూపడం పౌరుడి ప్రాథమిక విధి అని మన రాజ్యాంగం 51ఎ(జి)లో రాసి ఉంది. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులు సర్కసుల్లో ఆడకూడదని 1998లో నోటిఫికేషనిస్తే సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. డాల్ఫిన్ల ఆటశాలలు దేశంలో రానివ్వబోమని 2013లో తేల్చేశారు. సౌందర్య సాధనాల్ని జంతువుల మీద పరీక్షించడం 2014లో ఆగిపోయింది. ఇవన్నీ నిజమైన విజయాలే. కానీ అదే దేశంలో, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటిసారి పట్టుబడినవాడికి పడే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. రెండు ఇరానీ చాయ్‌ల డబ్బు. దీన్ని మార్చాలని 2022లో ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలడిగారు. సూచిక చదివేది చట్టపు పుస్తకాన్ని. బండికి కట్టిన ఎద్దు మెడ మీది పుండు ఆ పుస్తకంలో ఉండదు.

'బి' వచ్చిన డెన్మార్క్‌ను చూడండి. సూచిక వెలువడిన 2020లోనే, కరోనా కొత్త రకం పుడుతోందన్న భయంతో, బొచ్చు కోసం పెంచే మింక్‌లను దేశమంతటా కోటిన్నరకు పైగా చంపేశారు. అలా ఆదేశించే అధికారం ప్రభుత్వానికి లేదని ఆ తర్వాత తేలి పెద్ద రాజకీయ రభసైంది. అప్పటిదాకా ప్రపంచంలో మింక్ చర్మాల ఉత్పత్తిలో ముందున్న దేశం అదే. 2014లో కోపెన్‌హాగెన్ జూ, తమ సంతానవృద్ధి పథకంలో పనికిరాదని, ఆరోగ్యంగా ఉన్న మారియస్ అనే జిరాఫీని చంపి, జనం చూస్తుండగా కోసి, సింహాలకు వేసింది. డేన్‌లు దాన్ని దాచలేదు, సమర్థించుకున్నారు. ఆ నిజాయతీకి మార్కులు వేయాలో, తీసేయాలో నాకిప్పటికీ తెలియదు.

వాయిస్‌లెస్ అనే ఆస్ట్రేలియా సంస్థ వేరే తూనిక పట్టింది. తలకు ఎన్ని జంతువుల్ని చంపుతున్నారు, ఎంత మాంసం తింటున్నారు అన్నది కూడా లెక్కలో కలిపింది. అప్పుడు మాంసం తక్కువ తినే భారత్, టాంజానియా లాంటివి పైకొస్తాయి, చట్టాలు బాగున్న సంపన్న దేశాలు కిందికి జారతాయి. ఏ తూనికలో వేస్తే ఆ బరువు. ఇలాంటి మార్కుల జాబితా పట్టుకుని స్విట్జర్లాండ్‌కు వెళ్లొచ్చు, ఫలానా దేశానికి వెళ్లకూడదు అనుకోవడమంటే, చివరికి డబ్బున్న దేశాలకే వెళ్లాలని తీర్మానించుకోవడమవుతుంది. వెళ్లబోయే చోట చట్టం ఏ జంతువును కాపాడుతోంది, దేన్ని గాలికొదిలేసింది అని తెలుసుకోవడానికైతే సూచిక మంచి పాఠమే.

ఇక బహిష్కరణలు. అట్లాంటిక్‌లో ఫారో దీవులున్నాయి. డెన్మార్క్ రాజ్యంలోవే, కానీ స్వపరిపాలన. అక్కడ తిమింగలాల గుంపుల్ని పడవలతో తీరానికి తరిమి కోసి, మాంసం పంచుకోవడం శతాబ్దాల ఆచారం. 2021 సెప్టెంబరులో ఒక్కరోజులో 1,428 డాల్ఫిన్లను చంపారు. ఆచారాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు సైతం అప్పుడు తల పట్టుకున్నారు. ప్రభుత్వం మరుసటి ఏడాది ఆ జాతి డాల్ఫిన్ల మీద 500 పరిమితి పెట్టింది. అంతకు ముందే కొన్ని జర్మన్ విహార నౌకల కంపెనీలు ఆ రేవులకు పోవడం మానేశాయి. అయినా వేట ఆగలేదు. 2023లో ఒక బ్రిటిష్ నౌక రేవులోకి వస్తుండగానే దాని ప్రయాణికులు 78 తిమింగలాల కోత చూశారు. ఆ మాంసం ప్రధానంగా అమ్మకానికి కాదు, ఇంటికి. పర్యాటకుడు వచ్చినా రాకపోయినా ఆ వంటింటికి తేడా లేదు.

ఐస్‌లాండ్ కథ ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆ దేశంలో తిమింగలం మాంసం తినే స్థానికులు తక్కువ. రేక్యవిక్ రెస్టారెంట్లలో 'ఇక్కడి ప్రత్యేకం' అని పళ్లెంలో పెడితే తిన్నది ఎక్కువగా విదేశీయులే. పొద్దున పడవెక్కి తిమింగలాన్ని చూసి మురిసిపోయి, రాత్రి దాన్నే రుచి చూసినవాళ్లూ ఉంటారు. జంతు సంక్షేమ సంస్థ ఒకటి, తిమింగలాల్ని చూపించే పడవల యజమానులు కలిసి, చూడండి గానీ తినకండి అని విమానాశ్రయం నుంచి హోటలు దాకా ప్రచారం చేశారు. రెస్టారెంట్లు ఒక్కొక్కటే మెనూలోంచి తీసేశాయి. పర్యాటకుల పళ్లెంలోకి వెళ్లే మింకీ తిమింగలాల్ని వేటాడే కంపెనీ 2020లో ఇక చాలించుకుంటున్నానంది. తీరానికి దగ్గర్లో వేట నిషేధించిన మేర పెరగడం కూడా అందుకొక కారణం. అదే సముద్రంలో జపాన్‌కు ఎగుమతి కోసం వేటాడే ఫిన్ తిమింగలాల సంగతి వేరు. 2023లో, చావడానికి అవి పడుతున్న యాతన చూసి ప్రభుత్వం కొన్ని వారాలు వేట ఆపించింది, సెప్టెంబరులో మళ్లీ మొదలైంది. ఒక తిమింగలం పర్యాటకుడి డబ్బుకు బలయ్యేది, ఇంకొకటి టోక్యో మార్కెట్‌కు. మొదటిదాన్ని కాపాడటం పర్యాటకుడికి చేతనైంది.

జపాన్‌లోనే తైజీ అనే ఊరుంది. అక్కడి డాల్ఫిన్ల వేట మీద తీసిన 'ది కోవ్' 2010లో ఆస్కార్ గెలిచాక జపాన్‌కే వెళ్లకూడదన్నవాళ్లు బయల్దేరారు. దాంతో ఒరిగిందేమీ లేదు. దెబ్బ తగిలింది వేరే చోట. తైజీలో కోసిన మాంసం కన్నా ఆటశాలలకు అమ్మే బతికున్న డాల్ఫిన్ ఖరీదు ఎన్నో రెట్లెక్కువ. 2015లో ప్రపంచ జూల సంఘం జపాన్ జూల సంఘాన్ని సస్పెండ్ చేయగానే, ఆ సంఘం తన సభ్యులెవరూ తైజీ డాల్ఫిన్లు కొనకూడదని తీర్మానించింది. వేట ఆగిపోలేదు, సంఘం వదిలిపోయిన అక్వేరియంలూ ఉన్నాయి. కానీ తీగ ఎక్కడుందో తెలిసింది. అది ఏ దేశంలోనైనా సరే, డాల్ఫిన్ ఆటకు కొనే టికెట్టు.

దక్షిణ కొరియా గురించి కూడా ఒక మాట అనుకోవాలి. కుక్కమాంసం తింటారని 1988 సియోల్ ఒలింపిక్స్ ముందు ప్రపంచం గోల పెడితే, ప్రభుత్వం ఆ హోటళ్లను వీధి మొగల నుంచి సందుల్లోకి తోసింది, అంతే. 2002 ప్రపంచకప్‌కూ అదే తంతు. పరాయివాళ్లు తిట్టేకొద్దీ కొందరికి పట్టుదల పెరిగింది. చివరికి 2024 జనవరిలో పార్లమెంటు నిషేధ చట్టం చేసింది, 2027 నుంచి అమలు. చేయించింది ఎవరంటే, కుక్కల్ని ఇళ్లలో పెంచుకుంటూ పెరిగిన కొరియన్ల కొత్త తరం, అక్కడి కార్యకర్తలు. కొలంబియాలో ఎద్దుల పోరు నిషేధించిందీ (2024లో చట్టం, 2027 నుంచి అమలు) అక్కడివాళ్లే.

ఎద్దుల పోరంటే స్పెయిన్. 2011లో 'జిందగీ నా మిలేగీ దోబారా' వచ్చాక మన కుర్రాళ్ల కోరికల చిట్టాలో పాంప్లోనా ఎద్దుల పరుగు చేరింది. ఏటా జులైలో సందుల్లో జనం ముందు పరుగెత్తించే ఆ ఆరు ఎద్దుల్నే ఆ సాయంత్రం బరిలో చంపుతారన్న సంగతి సినిమా చూసి వెళ్లేవాళ్లలో ఎందరికి తెలుసో. కాటలోనియా 2010లో ఎద్దుల పోరు వద్దని చట్టం చేస్తే 2016లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. కానరీ దీవులు 1991లోనే వద్దనుకున్నాయి. ఒకే దేశంలో ఇన్ని రకాలున్నప్పుడు స్పెయిన్‌కు వెళ్లాలా వద్దా అనడంలో అర్థం లేదు. బార్సిలోనా వెళ్లండి, గ్రనడా వెళ్లండి. బరి టికెట్ మాత్రం కొనకండి.

ఇప్పుడు ఏనుగుల దగ్గరికి రావాలి. మనవాళ్ల ప్రయాణాలకు సంబంధించినంతవరకు అసలు విషయం ఇదే.

థాయిలాండ్‌లో ఏనుగులు శతాబ్దాలపాటు దుంగలు లాగాయి. 1988 వరదల్లో కొండలు విరిగిపడి వందలమంది చనిపోయాక, 1989లో ప్రభుత్వం అడవుల నరికివేతను నిషేధించింది. అడవికి మేలు జరిగింది, ఏనుగులకూ మావటీలకూ పని పోయింది. రోజుకు 150 కిలోలకు పైగా మేసే జంతువును ఖాళీగా ఎవరు పోషిస్తారు? కొందరు బ్యాంకాక్ వీధుల్లో అరటిపళ్లు అమ్ముతూ తిప్పారు, మిగతావాళ్లు పర్యాటక శిబిరాల్లో చేరారు. చట్టంలో ఒక చిత్రముంది. అడవి ఏనుగుకు వన్యప్రాణి చట్టం రక్ష, పెంపుడు ఏనుగు మాత్రం 1939 నాటి చట్టం కింద ఎద్దు, గేదె, గుర్రాల పక్కన బరువుల పశువు. 2014లో జంతు సంక్షేమ చట్టం వచ్చినా ఈ గీత చెరగలేదు.

సవారీకి ఏనుగు లొంగాలంటే గున్నగా ఉన్నప్పుడే తల్లి నుంచి విడదీసి, కదలలేని చట్రంలో కట్టేసి, ఆకలితో, కొట్టడంతో భయం నేర్పుతారు. ఈ పద్ధతిని అక్కడ ఫజాన్ అంటారు. సవారీ చేసే పావుగంటలో ఏనుగుకేమీ కాలేదని మనకనిపించవచ్చు. కావలసినదంతా అంతకు ఏళ్ల ముందే అయిపోయింది. వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ వాళ్లు థాయిలాండ్, శ్రీలంక, నేపాల్, భారత్, లావోస్, కంబోడియాల్లో దాదాపు 3,000 పర్యాటక ఏనుగుల్ని పరిశీలించి 2017లో నివేదిక ఇచ్చారు. వాటిలో 77 శాతం ఏనుగుల స్థితి హీనంగా ఉంది. చాలావాటికి పగలు అంబారీ, రాత్రి పొట్టి గొలుసు.

కంబోడియాలో 2016 ఏప్రిల్‌లో, మండుటెండలో పర్యాటకుల్ని మోసి అంగ్‌కోర్ వాట్ దారిలో సంబో అనే ఏనుగు కూలిపోయి చనిపోయింది. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. నాలుగేళ్లలో అక్కడి గుడుల ప్రాంగణంలో ఏనుగు సవారీలు ముగిశాయి, మిగిలిన ఏనుగుల్ని దగ్గర్లోని అడవికి పంపారు. వియత్నాంలోని యోక్ డాన్ జాతీయవనం 2018లో సవారీలు మానేసి, అడవిలో మేస్తున్న ఏనుగుల వెనక దూరంగా నడిచి చూసే పద్ధతి పెట్టింది. ఏనుగు ఎప్పుడు ఎటు పోతే అటు. ఫొటోలు అంత బాగా రావు. కానీ ఈ మొత్తం సమీక్షలో నేను డబ్బిచ్చి చూడమని చెప్పగలిగే కొద్ది వాటిలో ఇదొకటి. ఎవరూ ఆ దేశాల్ని బహిష్కరించలేదు. సవారీ మీద మాత్రమే కన్నేసి ఉంచారు.

ఐతే 'సవారీ వద్దు' అన్నంతమాత్రాన సరిపోదని 2020 చూపించింది. కరోనాతో పర్యాటకులు ఒక్కసారిగా మాయమైతే శిబిరాల్లో మేత కరువైంది. చియాంగ్ మాయ్ చుట్టుపక్కల నుంచి వందకు పైగా ఏనుగులు, వాటి యజమానులతో కలిసి కొండల్లోని సొంత ఊళ్లకు రోజుల తరబడి నడిచాయి. ఏ పిలుపూ లేకుండా జరిగిన సంపూర్ణ బహిష్కరణ అది. హింస తగ్గింది నిజమే, కడుపు కూడా మాడింది. అందుకే అక్కడి కార్యకర్తలు పర్యాటకుల్ని రావద్దనరు. వచ్చి, ఎక్కకుండా, డబ్బు సవ్యమైన చోట ఇవ్వమంటారు.

సవ్యమైన చోటు ఏదన్నది తేల్చుకోవడమే కష్టం. ఇప్పుడు ప్రతి శిబిరం బోర్డు మీదా 'అభయారణ్యం' అనో 'సంరక్షణ కేంద్రం' అనో ఉంటుంది. సవారీ తీసేసి స్నానం పెట్టారు. బురద పూసి, బకెట్లతో నీళ్లు పోసి ఫొటో దిగాలి. ఏనుగుకు రోజుకు పది స్నానాలు అవసరమా అని ఎవరూ అడగరు. 2025 జనవరిలో థాయిలాండ్‌లో అలా ఏనుగుకు స్నానం చేయిస్తూ ఒక స్పెయిన్ విద్యార్థిని దాని దెబ్బకు చనిపోయింది. ఎవరినంటే వాళ్లను ఏనుగు దగ్గరకు రానిస్తోందంటే దాన్ని లొంగదీసే ఉంటారు, అక్కడెక్కడో అంకుశం ఉండే ఉంటుంది. ముట్టుకోనివ్వని శిబిరమే నమ్మదగినది అన్నది మోటు సూత్రమే గానీ చాలావరకు పనిచేస్తుంది.

చూసినవాళ్ల మాటలు నమ్మి వెళ్దామంటే అదీ కుదరదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ప్రపంచవ్యాప్తంగా 24 రకాల జంతు ఆకర్షణల్ని తూచి, ట్రిప్‌అడ్వైజర్‌లో జనం రాసిన 50,000కు పైగా అభిప్రాయాలతో పోల్చారు. జంతువులకు హాని జరుగుతున్న చోట్లకు సైతం ఎక్కువమంది 'చాలా బాగుంది' అనే రాశారు. దాదాపు 80 శాతం మందికి తప్పేదో కనిపించలేదు. మరుసటి ఏడాదే ట్రిప్‌అడ్వైజర్ అడవి జంతువుల్ని తాకే, ఎక్కే కార్యక్రమాలకు టికెట్లమ్మడం ఆపింది. ఇంట్రెపిడ్ అనే ఆస్ట్రేలియా టూర్ల కంపెనీ 2014లోనే ఏనుగు సవారీలు తన ప్యాకేజీల్లోంచి తీసేసింది.

పులుల విషయంలో మోసం ఇంకా నగ్నంగా బయటపడింది. థాయిలాండ్‌లోని కాంచనబురిలో బౌద్ధ భిక్షువులు పెంచుతున్న పులుల గుడి ఉండేది. పిల్లలకు పాలు పట్టొచ్చు, ఒళ్లో పడుకోబెట్టుకోవచ్చు. 2016లో అధికారులు దాడి చేసి 137 పులుల్ని తరలించారు. ఫ్రీజర్‌లో 40 చచ్చిన పులిపిల్లలు దొరికాయి. విషాదమేమంటే, ఆ గుడి నుంచి తెచ్చిన మొత్తం 147 పులుల్లో 86 ప్రభుత్వ సంరక్షణలోనే 2019కల్లా చనిపోయాయి. దగ్గరి రక్తసంబంధాల్లో పుట్టినవి కావడంతో జబ్బుల్ని తట్టుకోలేకపోయాయని అధికారులన్నారు. దక్షిణాఫ్రికా సింహం పిల్లల కథా ఇలాంటిదే. పిల్లగా ఉన్నప్పుడు ముద్దులకు, కాస్త పెరిగాక పక్కన నడవడానికి, పెద్దయ్యాక కంచె లోపల తుపాకీ గురికి. 2021లో ప్రభుత్వ నిపుణుల సంఘమే ఈ వ్యాపారం మూసేయమంది. ఇలాంటిచోట అడగాల్సిన ప్రశ్న ఒక్కటుంది. ఏడాది పొడుగునా ఫొటోలకు పిల్లలే దొరుకుతున్నాయంటే, నిరుటి పిల్లలు ఏమయ్యాయి?

బాలిలో అమ్మే లువాక్ కాఫీని కూడా ఈ వరసలోనే చెప్పుకోవాలి. పునుగు పిల్లి తిని విసర్జించిన గింజలతో చేస్తారు. మన తెలుగువాళ్లకు పునుగు అనగానే తిరుమల గుర్తొస్తుంది కాబట్టి కాస్త భక్తిగా కూడా రుచి చూస్తారు. రాత్రిపూట ఒంటరిగా అడవిలో తిరిగే ఆ జంతువును ఇనప బోనులో పెట్టి కాఫీ పళ్లే మేపుతుంటారు. తోటలోకి తీసుకెళ్లే డ్రైవరుకు కమిషన్ ఉంటుంది. వద్దంటే మరో గుడికి తీసుకెళ్తాడు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు, డిస్నీ ఒకరోజు, సీవరల్డ్ ఒకరోజు అనేది ఆర్లాండో ఆనవాయితీ. అక్కడి సీవరల్డ్‌లో తిలికుం అనే ఓర్కా (కిల్లర్ వేల్) 2010లో తన శిక్షకురాలిని చంపిన ఘటన మీద 2013లో 'బ్లాక్‌ఫిష్' సినిమా వచ్చింది. జనం తగ్గారు. 2016లో సీవరల్డ్ ఓర్కాల సంతానోత్పత్తి ఆపేస్తామంది. 2023లో అబుదాబిలో కొత్త పార్కు తెరిచినప్పుడు ఓర్కాలు లేకుండానే తెరిచింది, డాల్ఫిన్లు మాత్రం ఉన్నాయి. 'డి' గ్రేడు దేశపు చట్టసభ చేయని పనిని టికెట్లు కొనేవాళ్లు సగమైనా చేయించారు. ఫ్రాన్స్‌లో అదే పని చట్టం చేసింది. 2021 చట్టం డాల్ఫిన్ల ఆటలకు గడువు పెట్టడంతో ఆంటీబ్‌లోని మెరైన్‌ల్యాండ్ 2025 జనవరిలో మూతపడింది. ఐతే అక్కడి తల్లీకొడుకులు, విక్కీ, కైజో అనే రెండు ఓర్కాలు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న మిగిలింది. సముద్రంలో వదిలితే బతకలేవు, తీసుకునేవాళ్ల మీద అందరికీ నమ్మకం లేకపోయింది. మూసేయమనేవాళ్లు ముందే చూసుకోవాల్సిన లెక్క ఇది.

ఇక, వెళ్లడమే మేలు చేసే చోట్లూ ఉన్నాయి. రువాండాలో కొండ గొరిల్లాను చూడటానికి ఒక మనిషికి 1,500 డాలర్లు. పార్కుల ఆదాయంలో పదో వంతు చుట్టుపక్కల ఊళ్లకు పోతుంది. ఆ ఊళ్లకు గొరిల్లా బతికుంటేనే లాభం. మొత్తం కొండ గొరిల్లాల సంఖ్య వెయ్యి దాటింది, 2018లో వాటిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు తప్పించారు. పర్యాటకులు ఆగిపోయిన 2020 జూన్‌లో ఉగాండాలో రఫీకి అనే పేరుగాంచిన మగ గొరిల్లా వేటగాళ్ల ఈటెకు బలైంది. ఉగాండాకో రువాండాకో వేరే విషయాల్లో ఎన్ని మచ్చలున్నా, జంతువుల పేరు చెప్పి అక్కడికి వెళ్లడం మానేస్తే నష్టపోయేది జంతువులే.

బరువు మోసే జంతువుల సంగతిలో పరాయి దేశాల్ని చూసి మనం నేర్చుకోవలసింది ఉంది. గ్రీసులోని శాంటొరిని మెట్ల మీద గాడిదలెక్కే లావుపాటి పర్యాటకుల ఫొటోలు చూసి గొడవైతే, 2018లో ప్రభుత్వం 100 కిలోలు లేదా ఆ జంతువు బరువులో అయిదో వంతు మించకూడదంది. జోర్డాన్ పెట్రాలో 2021లో గుర్రపు బండ్ల బదులు విద్యుత్ బండ్లు తెచ్చారు. మరి కేదార్‌నాథ్? గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల ఎక్కుడు. మన రెండు రాష్ట్రాల నుంచి చార్‌ధామ్ వెళ్లేవాళ్లకు కంచర గాడిద బేరం కొత్త కాదు. 2022 సీజన్ మొదటి నెలలోనే అవి డొక్కలు ఎండి, నీళ్లు లేక, విశ్రాంతి లేక వరసగా చనిపోతుంటే విషయం హైకోర్టు దాకా వెళ్లింది. 2025 మేలో రెండు రోజుల్లో 14 చనిపోతే, గుర్రాల ఫ్లూ అనుమానంతో ఒకరోజు వాటి రాకపోకలు నిలిపారు. ఆ జంతువును తోలేవాడికి అదే బతుకు, రోజుకు రెండు ఖేపులు వేస్తేనే ఇల్లు గడుస్తుంది. రెండో ఖేపుకు గిరాకీ మనమే. నడవగలిగినవాళ్లు నడవాలి, నడవలేనివాళ్లు ఎక్కే ముందు ఆ జంతువు వీపు చూడాలి, సామాను వేరే మోయించుకోవాలి. విదేశీ ఏనుగు మీద ఉన్న జాలి స్వదేశీ గాడిద మీద ఉండకపోవడానికి, చేసేది పుణ్యయాత్ర అన్న ధీమా తప్ప వేరే కారణం నాకు కనబడదు. జైపూర్ ఆమేర్ కోట ఏనుగుల గురించీ ఇదే మాట. గౌరీ అనే ఏనుగు 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ పర్యాటకురాలిని తొండంతో చుట్టి విసిరేశాక సవారీలు ఆపాలన్న డిమాండ్ మళ్లీ లేచింది.

బ్రిటన్ 2023లో ఒక ఆసక్తికరమైన చట్టం చేసింది. పరాయి దేశంలో జరిగే హీనమైన జంతు వినోదాలకు తమ దేశంలో ప్రకటనలివ్వడం, టికెట్లమ్మడం నేరంగా ప్రకటించే అధికారం అది ప్రభుత్వానికిస్తుంది. ఏ వినోదాలన్నది మళ్లీ నిబంధనల్లో విడిగా చెప్పాలి. థాయిలాండ్ చట్టాన్ని మార్చలేకపోవచ్చు, లండన్‌లో అమ్మేవాణ్ని ఆపొచ్చు అన్న తర్కం నాకు నచ్చింది. ఎందుకంటే గిరాకీ పుట్టేచోటే తీగ దొరుకుతుంది. మన ఏజెంట్లకు అలాంటి చట్టం లేదు. కానీ ప్యాకేజీలో ఏనుగుల ఆటను తీసేసి ఆ డబ్బుకు మరో చోటు చూపించమంటే ఏ ఏజెంటూ కాదనడు. పదిమంది అడిగితే కాగితమే మారుతుంది.

ఇదే కొలతను మన మీదికి తిప్పి చూద్దాం. జంతువుల పట్ల దయ ఉన్న ఒక విదేశీయుడు జనవరిలో ఆంధ్రప్రదేశ్ రావాలా వద్దా అని అడిగాడనుకోండి. సంక్రాంతి మూడు రోజులు గోదావరి జిల్లాల్లో బరులు వెలుస్తాయి. కోడి కాలికి కత్తి కడతారు, రెండు మూడు నిమిషాల్లో ఒకటి పడిపోతుంది. జంతుహింస చట్టం కింద నేరం, జూద నిరోధక చట్టం కింద నేరం. హైకోర్టు పదేపదే ఆపమంది, ఏటా పోలీసులు హెచ్చరిస్తారు, ఏటా నాయకులే బరి ప్రారంభిస్తారు. ఆ విదేశీయుడికి నేను రమ్మనే చెబుతాను. గోదావరి చూడమంటాను, ముగ్గులు చూడమంటాను, బరి వైపు పోవద్దంటాను. అతను రాకపోతే ఆ బరికి లోటు లేదు. భీమవరం హోటళ్లలో గదులు ముందే నిండిపోయేది, ఫ్లడ్‌లైట్లు, వీఐపీ గ్యాలరీలు వెలిసేది అతని కోసం కాదు. హైదరాబాద్ నుంచి బారులు తీరి వచ్చే కార్ల కోసం, అమెరికా నుంచి సెలవు పెట్టుకుని దిగేవాళ్ల కోసం. పందెం కోడిని పెంచే రైతు పూర్వం ఊరి సరదాకు పెంచేవాడు, ఇప్పుడు ఈ గిరాకీకి పెంచుతున్నాడు. థాయిలాండ్ ఏనుగుకు మనం ఎంత పర్యాటకులమో, భీమవరం కోడికీ అంతే పర్యాటకులం.